ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే చోటు

చెకింగ్ అక్కకు అనుమానం ఉద్యోగంతో వచ్చిందా, అనుమానం ఉంది కాబట్టే ఆ ఉద్యోగం వచ్చిందా అన్నది ఇంట్లోవాళ్ళకి కూడా ఇప్పటిదాకా తేలలేదు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడం ఆమె పని. బస్సెక్కగానే మనుషుల మొహాలు ఒకసారి అలా కలయజూసేది. కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటికి చూస్తున్నవాడి దగ్గరికి నేరుగా వెళ్ళి చెయ్యి చాపేది. చాలాసార్లు వాడి దగ్గర టికెట్ ఉండేది కాదు. ఉన్నా, అది ఆ రోజుదేనా అని వెలుతురుకి పట్టి మరీ చూసేది. ఇంట్లోనూ అదే వరస. పాలగిన్నె మూత తీసి వాసన చూడందే టీ పెట్టదు. తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూస్తుంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళందరినీ టికెట్ అడిగినట్టే అడిగిందనీ, అందుకే ఒక్కడూ రెండో స్టాపు దాకా నిలవలేదనీ వాళ్ళక్క ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

అక్కాబావల ఇంటి పై గదిలోనే ఆమె కాపురం. బావగారు ప్రింటింగ్ ప్రెస్సులో ఫోర్‌మన్. వారమంతా మిషన్ల మధ్య ఉండి, ఆదివారం నల్ల ప్యాంటు, లేత నీలం చొక్కా వేసుకుని ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్ పోటీలకు అంపైర్‌గా వెళ్ళేవాడు. చెకింగ్ అక్కను ఆ మైదానంలోకి లాగింది ఆయనే. ఆ లాగిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. ఒక ఆదివారం ఊరికే చూద్దామని వెళ్ళి, గట్టు మీద కూర్చుని, ఆయన ఔట్ ఇచ్చిన ఒక పరుగును సేఫ్ అని పక్కవాళ్ళతో వాదించింది. ఆట అయ్యాక బావగారు గట్టు దగ్గరికి వచ్చాడు. కోప్పడలేదు.

"ఎక్కడ కూర్చుని చూశావమ్మా?" అని అడిగాడు.

ఇక్కడే అంది.

"నేను నిలబడింది అక్కడ. రా, నిలబడి చూద్దువుగాని."

ఖాళీ మైదానంలో, బంతి కొట్టిన అమ్మాయి పరిగెత్తి మొదట చేరాల్సిన ఫస్ట్ బేస్ దగ్గరికి తీసుకెళ్ళి, ఇద్దరు ఆటగత్తెల్ని బతిమాలి ఒకరి చేత బంతి విసిరించి, ఇంకొకరిని పరిగెత్తించి ఆయన చూపించిందేమిటంటే ఇది. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల మధ్య దూరం తక్కువ. పరిగెత్తే అమ్మాయి కాలు బేస్ మీద పడటం, విసిరిన బంతి అక్కడ కాచుకున్న అమ్మాయి గ్లవ్‌లో పడటం దాదాపు ఒకేసారి జరుగుతాయి. ఒక్క కన్ను రెండు చోట్ల ఉండలేదు. కాబట్టి బంతి వచ్చే దారికి వడ్రంగి మూలమట్టం పెట్టినట్టు పక్కగా, బేస్‌కు కొన్ని అంగల దూరంలో ఆగిపోవాలి. మరీ దగ్గరికి పోతే చూపు అటూ ఇటూ గంతులేస్తుంది. నడుస్తూ చూస్తే అంతా ఊగుతుంది. కాళ్ళు ఎడంగా పెట్టి, కాస్త వంగి, అరచేతులు తొడల మీద ఆనించి, గడ్డం కదలకుండా చూపును బేస్ అంచు మీదే ఉంచాలి. బంతిని చూడకూడదు, వినాలి. గ్లవ్‌లో 'థప్' మన్నది ముందు వినబడితే ఔట్, కాలు ముందు కనబడితే సేఫ్. కాలు కంటికి వదిలెయ్, బంతి చెవికి వదిలెయ్ అనేవాడు బావగారు.

అనుమానపు మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఊరందరూ ఒకటి చూశామని అరుస్తుంటే, తాను ఒక్కతే సరైన చోట నిలబడి నిజం పట్టుకోవడం! ఆమె ప్రాణం లేచొచ్చింది. ఏడాది తిరక్కుండానే అంపైర్ అయింది. బ్యాట్ పట్టి నిలబడే చోటున్న ప్లేటు వెనక, బంతి ఆపే క్యాచర్‌కూ బ్యాట్ పట్టిన అమ్మాయికీ మధ్య సందులో, క్యాచర్ తల మీదుగా చూసే చోటు ఆమెది. బేస్‌లు బావగారివి. జట్ల కోచ్‌లు ఎవరైనా గొడవకు వస్తే ఆమె ఒకటే మాట అడిగేది: "మీరు నిలబడింది ఎక్కడండీ?" ఆ మాటతో ఎంతమంది గాలి తీసేసిందో లెక్కలేదు.

అలాంటి మనిషికి ఈ ఏటి పోటీల్లో బావగారి మీదే అనుమానం పుట్టింది.

మొదట పెద్దగా పట్టించుకోలేదు. ఫస్ట్ బేస్ దగ్గర అటో ఇటో తేలని పరుగు ఒకటి వచ్చింది, బావగారు రెండు చేతులూ చాపి సేఫ్ ఇచ్చాడు. ప్లేటు వెనక నుంచి ఆమెకు ఔట్‌లా అనిపించింది. పోనీలే అనుకుంది. తర్వాతి వారం మళ్ళీ అలాంటిదే, మళ్ళీ సేఫ్. మూడోసారికి ఆమె కళ్ళలో వత్తులు వేసుకుని చూడటం మొదలుపెట్టింది. అనుమానం ఉన్న ప్రతి పరుగూ సేఫే. పైగా ఆ పరుగుల్లో ఎక్కువ భాగం పోస్టాఫీసు జట్టువి.

పోస్టాఫీసు జట్టులో సగం మంది ఉత్తరాలు పంచే అమ్మాయిలు. రోజంతా వీధులు తిరిగిన కాళ్ళు, వాళ్ళు పరిగెత్తుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. అయినా అన్నిసార్లూ వాళ్ళదే పైచేయి ఎలా అవుతుంది? పోయిన నెలలో పోస్టాఫీసు కవర్లు అచ్చువేసే పని బావగారి ప్రెస్సుకు వచ్చింది. ఆ సంగతి గుర్తురాగానే ఆమె గుండెల్లో రాయి పడింది.

ఇక అక్కడినుంచి బావగారు ఏం చేసినా ఆమెకు వంకరగానే కనబడింది. ఎప్పుడూ లేనిది, బేస్‌కు మరీ దగ్గరగా జరిగి నిలబడుతున్నాడు. చోటు నేర్పినవాడే చోటు తప్పుతున్నాడంటే, తెలియక తప్పుతాడా? ఆట మొదలయ్యే ముందు పోస్టాఫీసు కోచ్ ఏదో చెబుతుంటే, ఆయన వంగి ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టి విన్నాడు. అందరిముందూ మాట్లాడుకునే మాటలకు అంత గుసగుస ఎందుకు? ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్న కుర్చీ వదిలేసి ఎదురు చివరికి మారాడు. ఏమిటంటే గాలి బాగా వస్తోందన్నాడు. అక్కడ కిటికీయే లేదు. పొద్దున్నే వార్తలు పెట్టుకునే రేడియో మీద దుమ్ము పేరుకుంటోంది. ఒకరోజు మెట్ల దగ్గర వెనక నుంచి, "నిన్నటి సేఫ్ మీకు సేఫ్‌లాగే కనిపించిందా బావా?" అని అడిగింది. ఆయన వినిపించుకోనట్టు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇంకోసారి మొహం మీదే అడిగితే, చిన్నగా నవ్వి తలూపాడు. అవుననా, కాదనా? అక్క కూడా అదే గోల పెట్టింది. ఈమధ్య ఆయన ఏమడిగినా పలకడం లేదట, మనిషి ఇంట్లో ఉన్నా మనసు ఎక్కడో ఉంటోందట. తప్పు చేసినవాళ్ళు మొహం చాటేయడం చెకింగ్ అక్కకు కొత్త కాదు. కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళందరూ ఆమెకు గుర్తొచ్చారు.

ఫైనల్ దగ్గరపడుతుండగా అంపైర్ల సంఘం కార్యదర్శి ఆమెను పిలిపించాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. గీతల సున్నం బస్తాలు, పాత బ్యాట్లు పెట్టుకునే గదినే ఆఫీసు చేసుకున్నాడు. తలుపు దగ్గరికి వేసి, బేకరీ జట్టువాళ్ళు మీ బావ మీద నోటిమాటగా ఫిర్యాదు చేశారనీ, ఫైనల్ వాళ్ళకూ పోస్టాఫీసుకూ మధ్యే కాబట్టి ఏదో ఒకటి తేల్చాలనీ అన్నాడు.

"బయటివాళ్ళ మాట నేను నమ్మను. నువ్వు ఆయన ఇంటి మనిషివి, పక్కనే నిలబడే అంపైర్‌వి. నీకేమనిపిస్తోంది?"

మీరు నిలబడింది ఎక్కడండీ అని ఊరందరినీ అడిగిన మనిషి, ఆ ఒక్క ప్రశ్న తనను తాను అడగాల్సిన సమయం అది. అడగలేదు.

"నాకూ అనుమానంగానే ఉందండీ" అంది.

కార్యదర్శి తల పంకించాడు. అయితే ఫైనల్‌కే కాదు, అసలు అంపైర్ల జాబితాలోంచే తీసేయాల్సి ఉంటుందన్నాడు. ఆదివారం పొద్దున సంఘంలో పెడతానన్నాడు. ఆమె బయటికొచ్చి సైకిల్ తాళం తీసింది. బావగారికి ఇంత మర్యాద ఉన్నదే ఆ మైదానంలో. ప్రెస్సులో ఆయన్ను ఎవరూ అంతగా పట్టించుకోరు. అక్కడ నీలం చొక్కా వేసుకుని నిలబడితే మాత్రం ఆయన చెయ్యి ఎటు లేస్తే అటు నోళ్ళు మూతపడతాయి. ఆ చొక్కా విప్పించి, పైగా అమ్ముడుపోయినవాడన్న మాట కూడా మీద వేయడానికి తాను ఊ కొట్టి వచ్చింది. నిజమైతే ఊ కొట్టడమే న్యాయం. నిజమేనా?

బస్సులో ఎంత అనుమానం ఉన్నా, చెయ్యి చాపి టికెట్ చూడకుండా ఆమె ఎవరికీ జరిమానా రాయలేదు. ఇక్కడ టికెట్ చూడకుండానే రాసేసింది. ఆ ఆలోచన ముల్లులా గుచ్చుకుంది. శనివారం ఆస్పత్రి జట్టుకూ మునిసిపాలిటీ జట్టుకూ మూడో స్థానం ఆట ఉంది. దానికి ప్లేటు వెనక వేరే అంపైర్, బేస్‌ల దగ్గర బావగారు. ఆమె పనికి సెలవు పెట్టి, తల చుట్టూ స్కార్ఫ్ బిగించుకుని, ఫస్ట్ బేస్ వెనక ఉన్న ఇనుప వల పక్కన జనంలో కలిసి నిలబడింది. అదేం గొప్ప మారువేషం కాదు. అరటిపళ్ళమ్మే ఆవిడ సైతం, ఇవాళ డ్యూటీ లేదా అని పలకరించింది.

ఆ చోటు నుంచి బావగారిని ఆమె ఎప్పుడూ చూడలేదు. ప్లేటు వెనక నుంచి ఆమెకు ఇన్నాళ్ళూ కనబడింది ఆయన భుజం, లేచే చెయ్యి, అంతే. ఇక్కడి నుంచి ఆయన మొహం ఎదురుగా ఉంది. కళ్ళు కనబడుతున్నాయి.

బంతి నేలమీద దొర్లింది. అందుకున్న అమ్మాయి ఫస్ట్ బేస్‌కు విసిరింది. బావగారు దగ్గరికొచ్చి ఆగాడు. కాళ్ళు ఎడంగా, చేతులు తొడల మీద, అంతా నేర్పినట్టే ఉంది. కానీ కళ్ళు బేస్ మీద లేవు. గ్లవ్ మీద ఉన్నాయి. బంతి గ్లవ్‌లో పడేదాకా దాన్నే చూసి, అప్పుడు చటుక్కున కిందికి దిగాయి. అవి దిగేసరికి కాలు ఎప్పుడో బేస్ మీద ఉంది. ఉండక ఏం చేస్తుంది? సేఫ్.

ఇంకోసారీ అంతే. మళ్ళీ అంతే. ఎవరు పరిగెత్తినా, ఏ జట్టైనా, అటో ఇటో తేలని పరుగైతే సేఫే. ఇక్కడ పోస్టాఫీసువాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళు అందరికంటే వేగంగా పరిగెత్తుతారు కాబట్టి ఇలాంటి పరుగులు వాళ్ళకే ఎక్కువ వస్తాయి, అంతకంటే ఇందులో రహస్యం లేదు. కానీ అంత ఆరితేరిన మనిషి బంతిని ఎందుకు చూస్తున్నాడు?

జవాబు కాసేపట్లోనే వచ్చింది. బ్యాట్ అంచుకు తగిలిన బంతి ఒకటి పైకి లేచి, బావగారి వీపు వైపుకు దిగుతోంది. ఇటు జనమంతా జాగ్రత్త జాగ్రత్త అని గొంతులు చించుకున్నారు. బేస్ దగ్గరున్న అమ్మాయి తల కాచుకుని కూర్చుండిపోయింది. బావగారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడే ఉన్నాడు. బంతి ఆయన మడమ పక్కన పడి దుమ్ము లేచాక, ఆ దుమ్మును చూసి ఉలిక్కిపడ్డాడు.

కుర్చీ, రేడియో, మెట్ల దగ్గర పలక్కపోవడం, కోచ్ నోటి దగ్గర పెట్టిన చెవి, అన్నీ ఒక్కసారిగా వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. చెకింగ్ అక్క వల పట్టుకుని అలాగే ఉండిపోయింది. సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆట అవగానే ఆయన ప్రెస్సుకు వెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళింది. కాయితం కోసే మిషన్ ధడధడమంటోంది. కుర్రాళ్ళందరూ చెవుల్లో దూది పెట్టుకుని ఉన్నారు. బావగారి చెవుల్లో లేదు, ఇన్నేళ్ళుగా ఎప్పుడూ లేదు. అది వాడితే మిషన్ ఎక్కడ పట్టేస్తోందో తెలియదని ఆయన పట్టుదల. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడి, చెవి వైపు వేలు చూపించి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది.

ఆయన మిషన్ ఆపించాడు. కాయితపు కట్టల వెనక్కి తీసుకెళ్ళాడు. ఎడమది పూర్తిగా పోయిందనీ, కుడిది సగం ఉందనీ, మనిషి ఎదురుగా ఉండి మాట్లాడితే నెట్టుకొస్తున్నాననీ చెప్పాడు. అక్కకు కూడా తెలియదట.

"గ్లవ్ చప్పుడు వినబడక, చూస్తున్నాను. చూస్తే ఆలస్యమవుతోందని తెలుసు. దగ్గరికి జరిగితే వినబడుతుందేమోనని జరిగాను. మానేద్దామని ప్రతి ఆదివారం అనుకుంటూనే ఉన్నానమ్మా. చొక్కా వేసుకునేసరికి మనసొప్పదు."

తప్పు తప్పే. ఆ సేఫుల వల్ల ఓడిపోయిన జట్లు ఉన్నాయి. కానీ అది అమ్ముడుపోవడం కాదు. ఇక తాను చేసింది కూడా చెప్పక తప్పదు. కార్యదర్శి అడిగితే తానేమందో, ఆయన పోస్టాఫీసువాళ్ళకు వత్తాసు పలుకుతున్నాడనుకుని ఎలా ఊ కొట్టిందో దాచకుండా చెప్పేసింది. మళ్ళీ చెప్పించుకోవాల్సిన అవసరం లేకుండా, గట్టిగానే చెప్పింది. ఆయన కాయితపు కట్ట అంచు సర్దాడు.

"ఎక్కణ్ణుంచి చూశావు?" అని అడిగాడు.

"ప్లేటు వెనక నుంచి."

ఆయన మిషన్ మళ్ళీ తిప్పమని కుర్రాళ్ళకు సైగ చేసి వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున సంఘంలో ఎవరూ ఏమీ తేల్చాల్సిన పని లేకపోయింది. బావగారే వెళ్ళి తన చెవుల సంగతి అందరిముందూ చెప్పాడు. ఇకమీదట బేస్‌ల దగ్గర నిలబడనన్నాడు. అనుమానంగా ఉందన్న మాట తనదేననీ, అది తప్పనీ చెకింగ్ అక్క కూడా లేచి చెప్పింది. కార్యదర్శి గొంతు సవరించుకుని, కళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క ఫైనల్‌కూ ప్లేటు వెనక నిలబడమని ఆయన్నూ, బేస్‌లు చూసుకోమని ఆమెనూ పంపాడు. మైదానం దాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. ఒక్క మాట లేదు. ఆమెకు తెలిసిన బావగారు కోపం దాచుకునే మనిషి కాదు. మరి ఈ మౌనం ఏమిటి? దీనికి ఎక్కడో ఒకచోట బదులు తీరుస్తాడనే ఆమెకు అనిపించింది. అంత జరిగాక కూడా అనుమానం పోలేదు చూడండి. కొందరి పుట్టుకే అంత.

ఆట చివరి దాకా వచ్చింది. బేకరీవాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. పోస్టాఫీసు అమ్మాయి ఒకతె మూడో బేస్ మీద కాచుకుని ఉంది. ఇంకొక్కరు ఔటైతే ఆట అయిపోతుంది, సేఫైతే స్కోరు సమమవుతుంది. అందరికంటే వేగంగా పరిగెత్తే అమ్మాయి బ్యాట్ పట్టింది. బంతి నేలబారుగా వెళ్ళింది. బేకరీ అమ్మాయి అందుకుని విసిరింది. చెకింగ్ అక్క నాలుగు అంగలు వేసి ఆగింది. కాళ్ళు ఎడంగా పెట్టింది, చేతులు తొడల మీద ఆనించింది. లోకంలో బేస్ అంచు తప్ప ఇంకేమీ లేదు. 'థప్' మంది. తర్వాత కాలు పడింది.

ఔట్ అని పిడికిలి ఎత్తింది.

మైదానం గోలెత్తిపోయింది. ఇన్నాళ్ళూ సేఫ్ అయిన పరుగే కదా అది! పోస్టాఫీసు కోచ్ ఒక్క ఉదుటున వచ్చింది. బేకరీవాళ్ళకు భయపడి ఇచ్చావంది, బావను తప్పించింది ఇందుకేనా అంది. పక్క అంపైర్‌ను అడగమంది. అడగనంటే తాను దొంగతనం చేసినట్టే లెక్క. సరేనని చెకింగ్ అక్క తల ఊపింది.

కోచ్ ప్లేటు దగ్గరికి వెళ్ళింది, వెనకే చెకింగ్ అక్క. ప్లేటు నుంచి ఫస్ట్ బేస్ దాకా గీత గీసినట్టు కనబడుతుంది. బావగారు మాస్కు తీసి, కుడి చెవి అటు తిప్పి, కోచ్ చెప్పిందంతా ఓపికగా విన్నాడు. మీరు చూశారుగా, చెప్పండి, సేఫా కాదా అని ఆవిడ రెట్టించింది. నాకూ అనుమానంగానే ఉంది అన్న మాట ఆయన కూడా అనొచ్చు. అనడానికి ఆయనకు అన్ని హక్కులూ ఉన్నాయి.

బావగారు ఫస్ట్ బేస్ వైపు ఒకసారి చూసి, మాస్కు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆవిడ నిలబడిన చోట నేను లేనమ్మా. నేనెలా చెప్తాను?" అన్నాడు.

ఔట్ ఔట్‌గానే ఉండిపోయింది. బేకరీవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి గంతులేశారు. పోస్టాఫీసు కోచ్ విసురుగా వెళ్ళిపోయింది. బావగారు ప్లేటు మీది మట్టి చిన్న బ్రష్‌తో తుడిచాడు. ఆట అయిపోయాక ఎవరూ తుడవరు, ఆయన తుడిచాడు.

గేటు వైపు నడుస్తుండగా చెకింగ్ అక్క తాను ఆయన ఎడమ పక్కన ఉన్నానని గమనించింది. వెనక నుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చింది. తప్పయిపోయింది బావా, క్షమించండి అని చిన్న గొంతుతో అంది.

"ఏంటమ్మా? ఇంకోసారి చెప్పు" అన్నాడు బావగారు.

ఆయనకు మొదటిసారే వినబడిందని ఆయన మొహం చూస్తేనే తెలిసిపోతోంది. మనుషుల మొహాలు చదవడమే ఆమె వృత్తి. అయినా ఏమీ తెలియనట్టు, ఇంకోసారి చెప్పింది.